ఫారంలో లేని గడి

ఇల్లు, వంటగది బల్ల
ఆగస్టు 4

వదినకి,

ఫోన్ ఎత్తడం లేదని కోపం తెచ్చుకోకు. అది మోగినంతసేపూ చూస్తూ కూర్చుంటాను. ఆగిపోయాక ఎవరు చేశారో చూస్తాను. పన్నెండుసార్లు నువ్వే. ఎత్తితే "ఎలా ఉన్నావు" అంటావు. కాగితమైతే ఎదురుప్రశ్న వెయ్యదు కదా అని రాస్తున్నాను.

మీ తమ్ముడు పోయి ఆరు వారాలైంది. నాకింకా ఏడుపు రాలేదు. నీతో కాబట్టి చెప్తున్నాను, బయట అంటే ఏమనుకుంటారో. మొదటి రోజు వచ్చినవాళ్ళందరూ భుజం పట్టుకుని "ఏడ్చెయ్యమ్మా, తేలికపడతావు" అన్నారు. ప్రయత్నించాను కూడా. రాలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక బుగ్గ ఎలా ఉంటుందో అలా ఉన్నాను. లేస్తున్నాను, టీ పెడుతున్నాను, రెండు కప్పులు తీస్తున్నాను, ఒకటి మళ్ళీ లోపల పెట్టేస్తున్నాను. అంతే, రోజు గడిచిపోతోంది.

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. మీ తమ్ముడు ఉన్నప్పుడు ఏదో ఒక సణుగుడు ఉండేది. కుళాయి సరిగ్గా కట్టలేదని, దిండులో దూది ఒక పక్కకి దిగిపోయిందని. అన్నిటికన్నా పడగ్గది ఫ్యాన్. "టక్ టక్ మంటోంది, వినపడటం లేదా నీకు?" అనేవాడు. నాకు ఏనాడూ వినపడలేదు. "ఆ చప్పుడు నీ చెవిలో ఉంది, వెళ్ళి చూపించుకో" అనేదాన్ని. ఇప్పుడు ఆ ఫ్యాన్ కిందే పడుకుంటున్నాను. ఏ చప్పుడూ లేదు.

అసలు విషయానికి వస్తాను. నిన్న రంగుల ఫ్యాక్టరీ నుంచి సూపర్‌వైజరు వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని ఒక కాగితం చేతిలో పెట్టాడు. అందులో ఏముందంటే, ఆ రోజు థిన్నరు ట్యాంకు గొట్టం ఊడి గదంతా ఆవిరి నిండిందట. వాల్వు కట్టడానికి మాస్కు పెట్టుకుని లోపలికి వెళ్ళిన కార్మికుడు దాన్ని సరిగ్గా బిగించుకోలేదట, లేకపోతే మధ్యలో తీసేశాడట. అందుకే స్పృహ తప్పి పడిపోయాడట. "మీ ఆయనకి మొదట్నుంచీ మాస్కంటే చిరాకే కదమ్మా, మీరు కూడా ఆ మాటే రాసి సంతకం పెడితే ఫైలు మూసేస్తాం" అన్నాడు. మాస్కు ముందు బిగించే డబ్బాలో ఉండే బొగ్గుకి ల్యాబ్ సర్టిఫికెట్ ఉందట, బ్రహ్మాండమైన బొగ్గట. కాబట్టి తప్పు మనిషిదే అయ్యుండాలట. ఆలోచించుకుంటానని పంపేశాను.

నువ్వు చేసేది బొగ్గు పరీక్షలే కదా. పెళ్ళైన కొత్తలో నువ్వు చెప్పబోతే నేను ఆవలించాను, మీ తమ్ముడు నన్ను గిల్లాడు, గుర్తుందా? ఇప్పుడు చెప్పు, ఆవలించను. బొగ్గు మంచిదైతే మాస్కు పనిచేసినట్టేనా? పనిచేస్తే మరి తను నిజంగానే తీసేశాడా? నన్ను వదిలేసి, ఒక్క క్షణం చిరాకుపడి, తీసి పారేశాడా? నాకు అదొక్కటే తెలియాలి.

నీ మరదలు


ల్యాబ్, మూడో బల్ల
ఆగస్టు 11

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం ఇంటికి తీసుకెళ్ళేదాకా ఆగలేక ఇక్కడే, గాలి లాగే పంపు రొదలోనే చదివేశాను. నాకు ఏడుపు వస్తోంది. రోజూ బస్సులో, ఒకే స్టాపు దగ్గర వస్తుంది. ల్యాబ్ గేటు దాటేసరికి ఆరిపోతుంది. ఏది మేలో నాకూ తెలియదు.

ఆ కాగితం మీద సంతకం పెట్టకు. ఇంకోసారి చెప్తున్నాను, పెట్టకు. నా తమ్ముడు సణుగుతాడు, కానీ సణుగుతూనే చెప్పిన పని చేస్తాడు. మూడో తరగతిలో వాడికి కొత్త బూట్లు కొన్నారు. మొదటి రోజునుంచే "గుచ్చుకుంటోంది, గుచ్చుకుంటోంది" అని ఒకటే గోల. కొత్తవి అలాగే ఉంటాయని నాన్న అన్నాడు. బడికి ఎగ్గొట్టే వేషాలని నేను అన్నాను. నెల రోజులు ఆ బూట్లే తొడుక్కుని, కుంటుకుంటూ, సణుక్కుంటూ బడికి వెళ్ళాడు. విప్పి పక్కన పడెయ్యలేదు. చివరికి చెప్పులు కుట్టేవాడు అడుగు ఊడదీస్తే లోపల మేకు ఉంది. మొన ఇంత పైకి వచ్చి ఉంది. అలాంటివాడు ఆవిరి నిండిన గదిలో మాస్కు తీస్తాడంటే నేను నమ్మను.

ఇక నువ్వు అడిగినది. మాస్కులో వేసే బొగ్గు పొయ్యిలో బొగ్గులాంటిది కాదు. ఒళ్ళంతా రంధ్రాలే. కంటికి కాదు కదా, మామూలు మైక్రోస్కోపుకి కూడా కనపడనంత చిన్నవి. ఆ రంధ్రాల గోడలన్నీ విప్పి పరిచామనుకో, ఒక చెంచాడు బొగ్గు ఫుట్‌బాల్ మైదానమంత అవుతుంది. విషపు ఆవిరి వెళ్ళి ఆ గోడలకి అంటుకుని అక్కడే ఉండిపోతుంది, మనిషి ఊపిరిలోకి మంచి గాలి పోతుంది. గోడలు ఎంత ఎక్కువుంటే అంత మంచి బొగ్గన్నమాట.

గోడలు ఎంతున్నాయో కొలవడం నా పని. చిటికెడు బొగ్గుని గాజు గొట్టంలో వేసి, గాలి లాగేస్తూ, ఆరు గంటలు మూడు వందల డిగ్రీల వేడిలో ఉంచుతాను. దాని ఒంట్లో ఉన్నవన్నీ వదిలిపోతాయి. తర్వాత గొట్టాన్ని ద్రవ నైట్రోజన్‌లో ముంచుతాను. అది ఎంత చల్లగా ఉంటుందంటే ఒలికితే బల్ల మీద పొగలు కక్కుతూ పరిగెడుతుంది. ఆ చలిలో నైట్రోజన్ వాయువుని కొంచెం కొంచెంగా గొట్టంలోకి వదులుతాం. వాయువు వెళ్ళి గోడలకి అంటుకుంటుంది. బొగ్గు ఎంత మింగిందో లెక్క పెడితే ఎన్ని గోడలున్నాయో తెలిసిపోతుంది. పదిహేడేళ్ళుగా ఇదే చేస్తున్నాను. మనుషులు చెప్పేవాటిలో తేడాలుంటాయి గానీ ఈ యంత్రం అబద్ధం చెప్పదు.

మాస్కు డబ్బా అంచు మీద అచ్చు కొట్టిన నంబరు ఒకటి ఉంటుంది. తెలిస్తే రాయి. అది ఏ తడవలో తయారైన బొగ్గో కనుక్కుంటాను.

ఏదైనా తిను. టీ ఒక్కటీ సరిపోదు.

వదిన


ఇల్లు, వంటగది బల్ల
ఆగస్టు 19

వదినకి,

మైదానం చెంచాలో పడుతుందని ఇంకెవరైనా అంటే నవ్వేదాన్ని. నువ్వన్నావు కాబట్టి నమ్ముతున్నాను. మేకు సంగతి తను నాకెప్పుడూ చెప్పలేదు. కాలి బొటనవేలు పక్కన మచ్చ ఉండేది, అదేనా? అడగాలని కూడా తోచలేదు చూడు.

నిన్న పొడుగాయన వచ్చాడు. అదే, తనతోపాటు ఒకే షిఫ్టులో చేసేవాడు, గుమ్మంలో వంగి వచ్చే మనిషి. ఇచ్చిన మంచినీళ్ళు రెండు గ్లాసులు తాగాడు. చివరికి అన్నాడు, "మాస్కు మొహం మీదే ఉందమ్మా. బయటికి లాక్కొచ్చాక గాలి ఆడుతుందని నేనే కిందికి లాగాను. అందరూ వచ్చేసరికి మెడలో ఉంది. అది చూసి తీసేశాడని రాసుకున్నారు." మరి చెప్పలేదేమని అడిగాను. సూపర్‌వైజరుకి చెప్పాడట. "బొగ్గుకి సర్టిఫికెట్ ఉన్నప్పుడు మాస్కు పెట్టుకున్నవాడు ఎలా పడిపోతాడయ్యా? నీకు కంగారులో సరిగ్గా గుర్తులేదు" అన్నాడట. ఇప్పుడు పొడుగాయనకి కూడా తన కళ్ళ మీద అనుమానం వచ్చింది. వెళ్తూ వెళ్తూ, నేను నిజంగానే చూశానంటారా అని నన్నే అడిగాడు.

అంటే ఆ సర్టిఫికెట్ ఒక్కటే వదినా, తన నోరు నొక్కుతోంది. పోయాక కూడా.

తన సంచీ తిరిగి ఇచ్చారు. అందులో వాడని డబ్బా ఒకటి ఉంది, వెండి రంగు ప్యాకెట్టులో, అంటించినది అంటించినట్టే. నంబరు కె-417. వాడినదాని మీద కూడా అదే నంబరని పొడుగాయన చెప్పాడు.

మాస్కు గురించి మీ ఆయన ఇంట్లో ఎప్పుడైనా ఏమైనా అన్నాడా అని సూపర్‌వైజరు అడిగాడు. ఏమీ అనలేదని చెప్పాను. నువ్వు అడగలేదు గానీ రాస్తున్నాను.

నీ మరదలు


ల్యాబ్
ఆగస్టు 27

మరదలికి,

ఉత్తరం అందింది. ప్యాకెట్టు తెరవకు. ఎవరికీ ఇవ్వకు. దేనిమీదా సంతకం చెయ్యకు.

పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

వదిన


ఇల్లు
సెప్టెంబరు 3

వదినగారికి,

మీరు నాలుగు ముక్కలు రాసి ఊరుకునే మనిషి కాదు. మీ ఉత్తరం చూడగానే ఏదో ఉందనుకున్నాను. తమ్ముడి బూట్ల గురించి పేజీన్నర రాసిన మనిషికి, నంబరు చెప్పేసరికి పని ఎక్కువైపోయిందా?

నిన్న సూపర్‌వైజరు మళ్ళీ వచ్చాడు. నేను నమ్మడం లేదని సర్టిఫికెట్ నకలు తెచ్చి చూపించాడు. ఒకటే పేజీ. తడవ కె-417. ఉపరితల వైశాల్యం, గ్రాముకి ఇన్ని చదరపు మీటర్లు. ఆమోదయోగ్యం. కింద సంతకం. చివరి అక్షరం కిందనుంచి గీత వెనక్కి తిరిగి మొదటి అక్షరం దాకా వచ్చి ఆగిపోతుంది. అలాంటి గీత గీసే మనిషి నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. మూడు వారాలుగా ఆవిడ ఉత్తరాల కింద చూస్తూనే ఉన్నాను.

నకలు నా దగ్గర ఉంచుకుంటానన్నాను. అతనికి టీ కూడా ఇచ్చాను. వెళ్ళాక తలుపు వేసి, మీ రెండు ఉత్తరాలూ, ఆ నకలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఒళ్ళు మండాలి కదా, అది కూడా లేదు. ఎవరో ఎవరికో చేసిన సంగతిలాగా ఉంది.

యంత్రం అబద్ధం చెప్పదన్నారు. సరే. అయితే మీ తమ్ముడే మాస్కు తీసేశాడని మీ సంతకం చెప్తోంది. అవునో కాదో రాయండి. బతిమాలడం లేదు, అడుగుతున్నాను.

ఇట్లు,
మీ తమ్ముడి భార్య


ఇల్లు, మంచం మీద
సెప్టెంబరు 9

పిల్లా,

కాదు. వాడు తియ్యలేదు. ముందు ఆ మాట చెప్పేస్తే తర్వాత మిగతాది చదువుతావో మానేస్తావో నీ ఇష్టం.

సంతకం నాదే. నువ్వు నంబరు రాసిన రోజున నా నోటు పుస్తకం తీసి చూశాను. చూశాక నీకు రాయడానికి చెయ్యి రాలేదు. మొహం చాటేశాను, అంతకన్నా వేరే మాట లేదు.

వేడి చేసే ముందు బొగ్గుని ఒకసారి తూస్తాం. వేడి చేశాక ఇంకోసారి తూస్తాం. లెక్కలోకి వెళ్ళేది రెండో బరువే. మొదటిది ఎందుకు రాస్తామంటే నాకు పని నేర్పిన పెద్దావిడ అలా నేర్పింది కాబట్టి. మంచి బొగ్గుకి ఆ రెండిటి మధ్య వందకి మూడో నాలుగో తగ్గుతుంది. మార్చి పద్ధెనిమిదిన కె-417 మొదటి బరువు 214 మిల్లీగ్రాములు. రెండోది 152. వందకి ఇరవై తొమ్మిది పోయింది. పోయిందంతా నీళ్ళు. ఆ మాస్కులు తయారుచేసే కంపెనీ గోదాములో పైకప్పు కారిందో, పీపా మూత తీసి వదిలేశారో నాకు తెలియదు. బొగ్గు మా దగ్గరికి వచ్చేసరికే దాని రంధ్రాలు నీళ్ళతో నిండి ఉన్నాయి.

నేనేం చేశాను? వేడి చేసి ఆ నీళ్ళన్నీ తరిమేశాను. ఖాళీ చేసిన బొగ్గుని పట్టుకుని, నీలో ఎంత చోటుంది అని అడిగాను. బోలెడంత ఉందని అది చెప్పింది. నిజమే చెప్పింది. కానీ మాస్కులో పెట్టుకునే బొగ్గుని ఎవరూ వేడి చెయ్యరు కదే! తడిసింది తడిసినట్టే డబ్బాలోకి వెళ్తుంది. అందులో ఆవిరికి చోటేదీ?

ఇంకొకటి ఉంది. ఇది దాచుకోవచ్చు, ఎవరికీ తెలియదు. నేను గమనించకుండా పోలేదు. ఆ అంకెల పక్కన పెన్సిలుతో "తడి?" అని రాసి ఉంది. నా దస్తూరీయే. ఆ రోజు మా ల్యాబ్ పెద్దాయన దగ్గరికి వెళ్ళి చూపించాను కూడా. ఆయన తల ఎత్తకుండా, "వాళ్ళు అడిగింది వైశాల్యం, వాతావరణం కాదు. ఫారంలో దానికి గడి ఉందా?" అన్నారు. లేదన్నాను. "మరి ఎక్కడ రాస్తావు?" అన్నారు. పక్కనున్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రోజు ఇంకా పదకొండు గొట్టాలున్నాయి. సంతకం పెట్టి తర్వాతది ఎత్తుకున్నాను. పెద్దాయన మీద నెట్టేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ ప్రశ్న గుర్తు పెట్టింది నేను, దాన్ని అక్కడే వదిలేసిందీ నేనే. ఎవరో ఒక మనిషి దాన్ని మొహానికి కట్టుకుంటాడని తెలుసు. ఆ మనిషికి మొహం ఉంటుందని మాత్రం అనుకోలేదు.

ఆ ప్యాకెట్టు నాకు పంపకు. నేను తెరిస్తే దానికి విలువ ఉండదు. ప్రమాదం మీద విచారణ జరిపే ప్రభుత్వ అధికారికి నీ చేత్తో నువ్వే ఇవ్వు, అంటించినది అంటించినట్టే. ఆయన ఎదురుగా తూయమని అడుగు. నా నోటు పుస్తకం ల్యాబ్ దాటి బయటికి రాకూడదని నియమం. ఆయనే వచ్చి చూడాలి. నేను రేపే ఆయనకి రాస్తున్నాను, సంతకంతో సహా.

క్షమించమని అడగను. ఏ మొహంతో అడగను?

వదిన


ఇల్లు
అక్టోబరు 14

వదినకి,

ఐదు వారాలు రాయలేదు. కోపం అనుకుని ఉంటావు. కోపం వస్తే బాగుండేదే. నీ ఉత్తరం చదివి, మడిచి, ఉప్పు డబ్బా కింద పెట్టి, బట్టలు ఉతుక్కున్నాను. మర్నాడు మళ్ళీ చదివాను. మళ్ళీ బట్టలు ఉతుక్కున్నాను. ఒక్క మనిషికి ఎన్ని బట్టలుంటాయి, ఉతికినవే ఉతికాను.

ప్యాకెట్టు అధికారికి ఇచ్చేశాను. రసీదు ఉంది.

నువ్వు పెన్సిలు మాట చెప్పావు. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. నా దగ్గరా అలాంటిదొకటి ఉంది. నాలుగు నెలలుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పను?

మాస్కు గురించి తను ఏమీ అనలేదని సూపర్‌వైజరుకి చెప్పాను, నీకూ అలాగే రాశాను. అది అబద్ధం. రెండు రోజుల ముందు, పొద్దున షిఫ్టుకి బయలుదేరుతూ, గుమ్మంలో బూట్లు వేసుకుంటూ అన్నాడు. "కొత్త డబ్బా వేసినా లోపలికి వాసన వస్తోంది. తల దిమ్ముగా ఉంటోంది. రేపు సూపర్‌వైజరుకి రాసిచ్చేస్తాను." నేను పొయ్యి దగ్గర ఉన్నాను. వెనక్కి కూడా తిరగలేదు. "నీకు వాసన రాని చోటేది? ప్రతిదానికీ సణుగుడేనా? ఆ మనిషి ఇప్పటికే నీ మీద గుర్రుగా ఉన్నాడు. నోరు మూసుకుని నీ పని నువ్వు చేసుకో" అన్నాను.

తను సరే అన్నాడు. అంతే, సరే. ఆ తర్వాత రెండు రోజులు దేనికీ సణగలేదు. ఫ్యాన్ గురించి కూడా అనలేదు. ఇల్లు ఎంత హాయిగా ఉందో అనుకున్నాను వదినా. మనసులో నిజంగా అలాగే అనుకున్నాను.

తన మాట నువ్వు బొగ్గులో చూసి వదిలేశావు. నేను చెవులారా విని వదిలేశాను. నిన్ను నేనేమనను?

ఇరవై ఏడున నీ దగ్గరికి వస్తానన్నాడు అధికారి. వచ్చే నెలలో ఫ్యాక్టరీ ఆఫీసులో నన్ను పిలుస్తారట. ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. వాసన వస్తోందన్నాడని చెప్తే, చూశారా మాస్కంటే పడదు, అందుకే తీసేశాడు అంటారు. చెప్పకపోతే నేను బతికినంతకాలం ఆ గుమ్మంలోనే నిలబడి ఉండాలి.

నీ మరదలు


రికార్డుల గది
అక్టోబరు 30

పిల్లా,

నీ ఉత్తరం చదివాను. నీకు ఓదార్పు మాటలు రాద్దామని మూడు కాగితాలు పాడు చేశాను. ఏది రాసినా నాకు నేను చెప్పుకుంటున్నట్టే ఉంది. అందుకని జరిగింది రాస్తాను.

అధికారి వచ్చారు. మాటకి ముందు కళ్ళజోడు తుడుచుకునే మనిషి. మాస్కుల కంపెనీ నుంచి ఒకరు, మీ ఫ్యాక్టరీ నుంచి ఒకరు, మా పెద్దాయన. అందరి ఎదురుగా వెండి ప్యాకెట్టు కత్తిరించి, డబ్బా తెరిచి, చిటికెడు బొగ్గు తీశారు. నన్ను ముట్టుకోవద్దన్నారు, పక్క బల్ల అమ్మాయి చేసింది. మొదటి బరువు 231. ఆరు గంటలు అందరం కూర్చున్నాం. కంపెనీ మనిషి రెండుసార్లు వాచీ చూసుకుని మూడోసారి ఫోన్ చేసుకోవడానికి బయటికి వెళ్ళాడు. రెండో బరువు 166. అరవై అయిదు పోయింది, వందకి ఇరవై ఎనిమిది.

"అంటే ప్యాక్ చేసినప్పుడే తడిగా ఉందన్నమాట" అన్నారు అధికారి. అవునన్నాను. "ఇది పెట్టుకున్న మనిషికి ఏమవుతుంది?" అని అడిగారు. "మాస్కు ఎంత బిగించినా మొదట వాసన వస్తుంది సార్. తర్వాత తల దిమ్ముగా ఉంటుంది. ఆవిరి బాగా ఎక్కువైతే పడిపోతాడు" అన్నాను. అప్పటికి నీ ఉత్తరం నా బ్యాగులో ఉంది. నీ మాటలు నేను చెప్పలేదు. అవి నీవి. కానీ చూడు, వాసన రావడం మాస్కు తీసినవాడి గుర్తు కాదే. మాస్కు పెట్టుకున్నవాడికే అది తెలుస్తుంది, రోజూ పెట్టుకున్నవాడికి. నీకు పనికొస్తుందని రాస్తున్నాను.

తర్వాత నోటు పుస్తకం తెరిచి మార్చి పద్ధెనిమిది పేజీ చూపించాను. పెన్సిలు మాట దగ్గర ఆయన వేలు పెట్టి ఆగారు. "ఇది ఎవరు రాశారు?" నేనే అన్నాను. "సర్టిఫికెట్‌లో ఎందుకు లేదు?" ఫారంలో గడి లేదన్నాను. నా చెవులకే అది ఎంత చవగ్గా వినపడిందో నీకు చెప్పలేను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

పెద్దాయన తర్వాత పిలిచి, ఫారం ప్రకారం మన తప్పేమీ లేదు, అనవసరంగా తల దూర్చావు అన్నారు. బల్ల మీదనుంచి తీసేసి నన్ను ఈ రికార్డుల గదిలో వేశారు. పాత ఫైళ్ళు, ఒక కిటికీ. పదిహేడేళ్ళ తర్వాత పంపు రొద లేకపోతే చెవులు ఏదోలా ఉన్నాయి. బల్ల ఖాళీ చేసే ముందు, మిగిలిన ఫారాల కట్ట తీసుకుని, స్కేలు పెట్టి ప్రతి దాని మీదా ఒక గడి గీశాను. "వేడికి ముందు బరువు." నూట నలభై ఫారాలు. అవి అయిపోయాక ఏం చేస్తారో నాకు తెలియదు.

నీ వంతు వచ్చినప్పుడు నీకేది తోస్తే అది చెప్పు.

వదిన


ఇల్లు, పడగ్గది
నవంబరు 21

వదినా,

ఫ్యాక్టరీ ఆఫీసులో పొడుగు బల్ల, అటు ఐదుగురు, ఇటు నేను. సూపర్‌వైజరు నావైపు చూడలేదు. పొడుగాయనని ముందు పిలిచారు. పాపం, కుర్చీ చూపించినా కూర్చోలేదు. కానీ చెప్పాడు. "మొహం మీదే ఉంది సార్. నేనే లాగాను. నాకు బాగా గుర్తుంది, బాగా." బాగా అన్న మాట రెండుసార్లు అన్నాడు.

తర్వాత నన్ను అడిగారు. మాస్కు గురించి మీ భర్త ఇంట్లో ఏమైనా అన్నారా?

నీ మాటలు తలుచుకున్నాను. "అన్నాడు సార్. రెండు రోజుల ముందు. కొత్త డబ్బా వేసినా వాసన వస్తోందని, తల దిమ్ముగా ఉంటోందని. రాసిస్తానన్నాడు" అన్నాను. మరి రాసివ్వలేదేమన్నారు. "నేను వద్దన్నాను సార్. నోరు మూసుకుని పని చేసుకోమన్నాను. అందుకే ఇవ్వలేదు" అన్నాను. అధికారి ఆ మాట రాసుకున్నారు. తల ఎత్తి, "మీరు కావాలంటే ఆ వాక్యం తీసేస్తాను" అన్నారు, మెల్లగా. వద్దు, ఉండనివ్వండి అన్నాను.

నిన్న నివేదిక వచ్చింది. నాలుగో పేజీలో ఉంది. "మాస్కు ముఖంపైనే సక్రమంగా ధరించి ఉన్నారు. లోపం మాస్కులోని బొగ్గుది." దాని కింద నీ నోటు పుస్తకం గురించి ఒక పేరా, నా గుమ్మం గురించి ఒక లైను. అందరం అందులో ఉన్నాం. చదివి, మడిచి, ఉప్పు డబ్బా కింద పెట్టాను. ఏమీ అనిపించలేదు. ఇంత జరిగాక కూడా ఏమీ అనిపించకపోతే ఇక నేనింతే కాబోలనుకున్నాను.

ఈ మధ్యాహ్నం పడుకున్నాను. కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. ఫ్యాన్ నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతుంటే, టక్. ఇంకో చుట్టు తిరిగి, టక్. నేను ఊపిరి బిగబట్టుకుని విన్నాను. టక్, టక్, టక్. ఉంది వదినా. మొదట్నుంచీ ఉంది.

లేచి ఫ్యాన్ ఆపి, కుర్చీ వేసుకుని ఎక్కి చూశాను. ఒక రెక్క మొదట్లో స్క్రూ సగం బయటికి వచ్చి ఉంది. వేలు పెడితే కదులుతోంది. ఇంతే. రెండు నిమిషాల పని. మూడేళ్ళు చెప్పాడు నాకు. కుర్చీ మీద నిలబడే, ఆ రెక్క పట్టుకుని ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. కింద ఇంటావిడ తలుపు కొట్టినా దిగలేకపోయాను.

నిన్ను క్షమించానో లేదో నాకు తెలియదు. నన్ను నేను క్షమించుకోలేదని మాత్రం తెలుసు. అది తేలేదాకా మనం ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోనక్కర్లేదు. నువ్వు రా.

స్క్రూ ఇంకా బిగించలేదు. నువ్వు కూడా ఒకసారి విను, తర్వాత బిగిద్దాం.

నీ మరదలు